ముగ్గు మీద బంతి

జట్కా దిగిన చెంగల్రాయలు చెప్పుకాలు నేల మీద మోపబోయి ఆగాడు. ఎదురుగా నడివీధిలో ముగ్గు ఉంది. నేతగాళ్ళ వీధి అది. పొద్దున్నే మగ్గానికి ఎక్కించే పడుగుపోగులు సాచి గంజి పెట్టుకోవడానికి ఈ కొస నుంచి ఆ కొస దాకా రాయీ గుంటా లేకుండా చదును చేసి పెట్టుకుంటారు. అలాంటి వీధి మధ్యలో, ఏ గడపకూ చెందకుండా పళ్ళెమంత ముగ్గు. చుక్కల చుట్టూ తిరిగిన గీతలు నడిమికి వచ్చేసరికి చెరిగి, తెల్లటి పొడిగా మిగిలాయి.

"అది మీ కోసమే సామీ," అంది అరుగు మీద రాట్నం ముందు కూర్చున్న ముసలామె. ఆమె చౌడమ్మ, జయరాములు తల్లి. మాట్లాడుతూనే కండెకు నూలు చుడుతోంది. "బంతి ఒకే తావున పడాలని మీరు చెప్పినారంట గదా. యాడ పడాలో కంటికి ఆనాల గదా అని మా కోడలు దినామూ తెల్లారి ఆడ ఏస్తాది. మా వాకిలి చూడు, బోసిగా ఉండాది. వీధంతా నవ్వతాండారు."

"నవ్వనీలే అత్తా. నవ్వినోళ్ళే గదా శనివారం రైలెక్కేది." జయరాములు భార్య వళ్ళి లోపలి నుంచి చెంబుతో మజ్జిగ తెచ్చింది.

"శనివారం రైలా?" అన్నాడు చెంగల్రాయలు.

"అమావాస్య గదా సామీ, మగ్గం ఎక్కరు. ఆడోళ్ళూ మొగోళ్ళూ సద్దిమూటలు కట్టుకోని వస్తాండారు. వేలూరి కోట కాడ దొరలకు మా ఆయన బంతి ఏస్తాడంట గదా, చూడాలని."

చెంగల్రాయలు చెంబు అందుకున్నాడు. అల్లం, కరివేపాకు నలిపి వేసిన మజ్జిగ. స్టేషను నుంచి ఎండలో వచ్చినవాడికి గొంతు చల్లబడింది. ఒక గుక్క తాగి, మిగతాది చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

నిన్న సాయంత్రం వేలూరులో క్రికెట్టు క్లబ్బు సెక్రటరీ జానకిరామన్ ఒక మాట అన్నాడు. కోట పక్క మైదానంలో పరిచే పీచుచాప మీద, నిదానంగా మెలిపెట్టి బంతి వేసేవాడు జట్టుకు ఒకడు చాలు, ఇద్దరు దండగ. "మీరా, మీ శిష్యుడా? కెప్టెన్ మీరే కదా సార్, మీరే తేల్చండి," అన్నాడు. తేల్చుకోవడానికే చెంగల్రాయలు ఇక్కడున్న తన తోట చూసి వస్తానని కోర్టుకు ఒకరోజు సెలవు పెట్టి గుడియాత్తం వచ్చాడు.

మగ్గం గుంటలో నుంచి జయరాములు లేచి వచ్చాడు. ముప్పై దాటిన మనిషి. గుంటలో కూర్చుని కూర్చుని నడుము కొంచెం వంగింది గాని చేతులు పొడుగు, వేళ్ళు ఇంకా పొడుగు. పంచె పైకి చెక్కుతూ, ఏదో శుభకార్యానికి పిలుపు వచ్చినవాడిలా నవ్వాడు.

"ఏమప్పా, ముగ్గు మీద పడుతోందా బంతి?"

"ఏం చెప్పేది సామీ. మా వీధి కుక్క ముందర ఇక్కడే పండుకునేది. నేను మొదలుపెట్టినాక ఆ కొసకు పాయె. ఈ మధ్య మళ్ళా వచ్చి ముగ్గు పక్కనే పండుకుంటాది. దానికి నమ్మకం కుదిరింది."

చౌడమ్మ నోరు మూసుకుని నవ్వింది. చెంగల్రాయలు కూడా నవ్వాడు. నవ్వుతుండగానే అతని చూపు జయరాములు కుడిచేతి చూపుడువేలి మీద పడింది. మొదటి కణుపు దగ్గర గుడ్డపేలిక చుట్టి ఉంది.

"అదేమిటి?"

"బంతి కుట్టు కోస్తాది సామీ. మీరు చెప్పిన పట్టు పట్టినప్పటి నుంచి. పరవాలే."

అంతకుముందు జయరాములు బంతిని బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ, తెగిన పోగును అతికినట్టు మెలిపెట్టి వదిలేవాడు. బంతి బొంగరంలా తిరిగేది. ఎక్కడ పడుతుందో మాత్రం వేసినవాడికీ తెలిసేది కాదు. వానాకాలంలో ఇదే వీధిలో అతని ఆట చూసి ముచ్చటపడ్డ చెంగల్రాయలు, ఆ పట్టు మార్చాడు. బంతి కుట్టు మీద చూపుడువేలి కణుపు అడ్డంగా ఆనించి, వదిలేటప్పుడు తాళంచెవి తిప్పినట్టు లాగమన్నాడు. ఎడమ భుజం ముందుకు చూడాలి. ఆఖరి అడుగులో కుడి భుజం దిగకూడదు, దిగిందా బంతి పొట్టిగా పడుతుంది. తోట చూడవచ్చినప్పుడల్లా ఇవే మాటలు చెప్పాడు. చెంగల్రాయలు చూపుడువేలి మీద కూడా, అదే చోట, గోధుమరంగు కాయ ఒకటి ఉంది. ఆ కాయ కట్టేదాకా కొన్నేళ్ళపాటు భార్య కమలాక్షి అక్కడ ఆముదం రాసేది. వకీలు వేలు కాయ కాస్తే కలం పట్టుకోవడానికి అడ్డం లేదు. నేతగాడి వేలు సంగతి అతను ఆలోచించలేదు.

"మరి అతుకుడు పని?" అని అడిగాడు.

"మా వీధి పొన్నుస్వామి చేస్తాండాడు," అన్నాడు జయరాములు తేలిగ్గా.

మగ్గం మీద ఒక పడుగు అయిపోయాక, కొత్త పడుగు పోగుల్ని పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా బూడిద అద్ది, వేళ్ళతో మెలిపెట్టి అతకాలి. ఆ పనిలో జయరాములు వేలు ఆ వీధిలో పేరున్న వేలు. ఈ మగ్గం నుంచి ఆ మగ్గానికి పిలిచి కూర్చోబెట్టేవారు. చర్మం పగిలిన వేలికి పట్టుపోగు తగులుకుంటుంది, పీచు లేస్తుంది, తెగుతుంది.

"పెండ్లిచీర పడుగు ఒకటి వచ్చినాది," అంది వళ్ళి. ఫిర్యాదులా లేదు, ఊరి సంగతి చెప్పినట్టే ఉంది. "ఈయన వేలు చూసి మళ్ళా తీసుకోని పాయిరి."

"శనివారం అయిపోతే మానిపోతాది లేవే. సామీ వచ్చినారు, ఇప్పుడేల ఆ మాటలు."

జయరాములు పేలిక విప్పి రొంటిన దోపుకున్నాడు. పడుగు కట్టే రాటను వికెట్టుగా పెట్టుకుని అవతలి కొసకు నడిచాడు. కుక్క తల ఎత్తి చూసి మళ్ళీ పడుకుంది. నాలుగడుగుల పరుగు, చెయ్యి నిలువుగా లేచింది, బంతి గాలిలో కొంచెం ఆగినట్టు కనిపించి ముగ్గు నడుమ పడి, తెల్లపొడి రేపి, చటుక్కున తిరిగి రాటకు తగిలింది. చెంగల్రాయలు బంతి తీసి చూశాడు. కుట్టుకు ముగ్గుపిండి అంటింది. తుడవకుండా వెనక్కి విసిరాడు.

రెండోదీ అంతే. ఆ తర్వాతవీ అంతే. ఎవరో సన్నటి తీగ కట్టి లాగుతున్నట్టు బంతి వచ్చి ముగ్గులో వాలుతోంది. పక్క అరుగుల మీద రాట్నాలు ఆగాయి. ఇలా వేయడానికి తనకు ఎన్నాళ్ళు పట్టిందో చెంగల్రాయలుకు తెలుసు. ఓవరులో ఆఖరి బంతి మాత్రం చెయ్యిజారింది. పొట్టిగా పడి, పక్కకు దూకి, ఎదురింటి అరుగు కిందికి దొర్లిపోయింది. కుక్క లేచి నిలబడింది.

"అది దాని కోసమే ఏసినా సామీ. మరీ నమ్ముకోని పండుకుంటే ఎట్ల," అన్నాడు జయరాములు.

వీధంతా నవ్వింది. చెంగల్రాయలు నవ్వలేదు. "ఒకటి తప్పింది," అన్నాడు.

"ఆమా సామీ, ఒకటి తప్పె."

బయల్దేరేటప్పుడు వళ్ళి జట్కా దాకా వచ్చింది. "శనివారం ఖాయమే గదా సామీ? అందరికీ చెప్పినాము."

"పొద్దున్నే రండి," అన్నాడు చెంగల్రాయలు. జట్కా ఎక్కాడు. చౌడమ్మ పంపిన రెండు అరటిపండ్లు ఒళ్ళో పెట్టుకుని, రైలు కాట్పాడి చేరేదాకా వాటినే చూస్తూ కూర్చున్నాడు.

*

శుక్రవారం సాయంత్రం వేలూరులో ఇంటి పెరట్లో చెంగల్రాయలు తడిగుడ్డ పరిచాడు. బావి పక్కనుంచి గోడ దాకా బంతి వేసేంత జాగా ఉంది. కమలాక్షి ఉన్నప్పుడు ఆ గుడ్డ ఆమె పరిచేది. ఎండకు ఆరిపోతే తనే లేచి తడిపేది. బంతి గుడ్డ మీద పడితే తప్ శబ్దం, పక్కన పడితే టక్ శబ్దం. వంటింట్లో ఉండే వినేది. "ఇప్పుడు పడలేదు," అని లోపలి నుంచి చెప్పేది. ఇప్పుడు వేసేదీ తనే, వినేదీ తనే. బంతి తెచ్చుకుని తిరిగి వచ్చేలోపు గుడ్డ ఆరిపోతోంది.

కుడి భుజం ఈ మధ్య సాయంత్రాలు పట్టేస్తోంది. వచ్చే ఏటికి ఈ చెయ్యి ఇంత ఎత్తు లేవదు. ఆ సంగతి అతను ఎవరితోనూ అనలేదు. ఈ శనివారం పోతే మరి లేదు. దొరల మీద ఒక్కసారి, చక్కగా, ఒక పూటంతా బంతి అనుకున్న చోట పడితే చాలు. అంతే అడుగుతున్నాడు. ఎవరిని అడుగుతున్నాడో తెలియదు.

తప్. తప్. టక్. తప్. టక్.

టక్ అన్నప్పుడల్లా భుజం మీద నెపం వేశాడు. తప్ అన్నప్పుడు అది తన అసలు ఆట అనుకున్నాడు.

అంతలో వచ్చిన జానకిరామన్ గొడుగు గోడకు ఆనించి బావిగట్టు మీద కూర్చున్నాడు. "ఏం సార్, తేలిందా? రేపు పొద్దున దొరలకు పేర్లు చెప్పాలి."

చెంగల్రాయలు బంతిని తువాలుతో తుడిచాడు. తుడవడానికి ఏమీ లేకపోయినా తుడుస్తూనే ఉన్నాడు.

"కుర్రవాడు బాగానే వేస్తున్నాడు," అన్నాడు.

"అయితే అతనేనా?"

"కానీ ఇంకా నిలకడ లేదు. ఓవరులో ఒకటి జారుతోంది. ఆ పొడుగాటి పోలీసుదొర ముందు ఒకటి జారితే చాలు కదా."

"అదే నేనూ అనుకున్నా సార్." జానకిరామన్ ముఖం తేటపడింది. "నిజం చెప్పాలంటే కమిటీకీ కొంచెం ఇదిగా ఉంది. డేరాలో టిఫిను బల్ల దగ్గర, తాసిల్దారుగారి పక్కన మగ్గం పనివాణ్ణి ఎట్లా కూచోబెట్టేది? మీరు అడిగితే కాదనలేక ఊరుకున్నారు అంతే."

"అందుకు కాదు," అన్నాడు చెంగల్రాయలు గబగబా. "నిలకడ కోసం అంటున్నాను."

"నిలకడ కోసమే సార్. నేనూ అదే అంటున్నా."

జానకిరామన్ వెళ్ళాక చెంగల్రాయలు మళ్ళీ గుడ్డ తడిపి పరిచాడు. బంతి వేయలేదు. వంటింటి వైపు చూస్తూ కొంచెంసేపు నిలబడి, గుడ్డ పిండి తీగ మీద ఆరేశాడు.

*

జిల్లా కచేరీ వేలూరికి వచ్చిన మరుసటి ఏడు అది. ఊరినిండా కొత్త ఉద్యోగస్థులు. కోట అగడ్త పక్కన మైదానం చుట్టూ తాడు కట్టి, ఒకవైపు దొరలకూ ఇంకోవైపు క్లబ్బువాళ్ళకూ డేరాలు వేశారు. గుడియాత్తం నుంచి వచ్చినవాళ్ళు అగడ్త గట్టు మీద వరసగా కూర్చున్నారు. ఆడవాళ్ళు ఉతికిన చీరల్లో, మొగవాళ్ళు తాము నేసిన పంచెల్లో. చౌడమ్మ కూడా వచ్చింది. ఒళ్ళో సద్దిమూట.

జయరాములు డేరా వెనక నిలబడి ఉన్నాడు. ఎవరిదో అరువు తెచ్చుకున్న తెల్లచొక్కా, బొత్తాలు మెడదాకా పెట్టుకున్నాడు. చెంగల్రాయలు దగ్గరికి వెళ్ళాడు. రాత్రి నుంచి కూర్చుకున్న మాటలు చాలా ఉన్నాయి.

"జయరాములూ, ఈసారికి నువ్వు పన్నెండోవాడివి."

జయరాములు అర్థం కానట్టు చూశాడు. "అంటే ఏం చెయ్యాల సామీ?"

"ఎవరికైనా దెబ్బ తగిలితే వాళ్ళ బదులు నిలబడి బంతులు ఆపాలి. బౌలింగు ఉండదు. బదులు నిలబడినవాడు బంతి వేయకూడదని రూలు."

"అట్లనా సామీ," అన్నాడు జయరాములు. కొంచెం ఆగి, "ఆ ఒకటి తప్పినందుకా?" అని అడిగాడు. నిష్ఠూరం లేదు. తెలుసుకోవాలని అడిగాడు.

"వచ్చే ఏడు..." అన్నాడు చెంగల్రాయలు.

"సరి సామీ." రొంటిలోంచి పేలిక తీసి వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. ఎడమచేత్తో ముడి పడటం లేదు. చెంగల్రాయలు చెయ్యి చాచాడు గాని, ఈలోగా జయరాములు కొస పంటితో పట్టి ముడి బిగించుకున్నాడు. గట్టు మీద తనవాళ్ళ దగ్గరికి నడిచాడు.

ఆ నడక ఎంత దూరమో చెంగల్రాయలు చూశాడు. గట్టు మీద తలలన్నీ ఒకేసారి జయరాములు వైపు తిరిగాయి. వళ్ళి లేచి నిలబడి మళ్ళీ కూర్చుంది. ఎవరో డేరా వైపు వేలు చూపి ఏదో అన్నారు. జయరాములు చేతులు కదిలిస్తూ చెప్తున్నాడు.

ముందు క్లబ్బు జట్టు ఆడింది. మధ్యాహ్నానికి ఒక మోస్తరు పరుగులు చేసి ఊరుకుంది. భోజనాలయ్యాక దొరల వంతు. చెంగల్రాయలు బంతి అందుకుని గట్టు వైపు కొసకు వచ్చాడు. అక్కడి నుంచి పరుగు మొదలుపెట్టాలి. వెనక జయరాములు గొంతు స్పష్టంగా వినిపించింది.

"చూడండప్పా, నాకు నేర్పిచ్చిన సామీ ఈయనే. చాప మీద మీకు ముగ్గు కనపడదు, ఈయనకు కనపడతాది. ఒకే తావున పడతాది చూడండి."

చెంగల్రాయలు అడుగు తడబడింది. సర్దుకుని వేశాడు. బంతి అనుకున్న చోట పడింది. గట్టు మీద నుంచి ఒక్కటే కేక. దొరల డేరాలో వాళ్ళు ఇటు తిరిగి చూశారు.

ఆ పూట వేసినట్టు అతను మళ్ళీ ఎప్పుడూ వేయలేదు. బంతి చెప్పిన మాట విన్నది. ముందుకొచ్చిన దొరను దాటి తిరిగి వికెట్టు పడగొట్టింది. వెనక్కి తగ్గిన దొర కాలికి తగిలింది. ప్రతి వికెట్టుకీ గట్టు మీద ఆడవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. ఆట తెలియదు వాళ్ళకి. జయరాములు "పడె" అంటే కొట్టారు. అనుకున్నదంతా జరుగుతోంది. చెంగల్రాయలు మాత్రం ఓవరు కాగానే గట్టు వైపు చూడకుండా ఉండటానికి తువాలు వెతుక్కుంటున్నాడు.

ఎండ వాలేసరికి భుజం పట్టేసింది. పొడుగాటి పోలీసుదొర నిలదొక్కుకుని బాదడం మొదలుపెట్టాడు. అతను కొట్టిన బంతి ఆపబోయి ఒక గుమాస్తా వేలు వాచిపోయింది. అతన్ని డేరాకు పంపి జయరాములును లోపలికి పిలిచారు. గోచీ బిగించి పరుగున వస్తుంటే గట్టంతా లేచి నిలబడింది. వాళ్ళు ఎదురుచూసిన మనిషి వచ్చాడు.

దొరలకు ఆఖరి జంట మిగిలింది. ఇంకొన్ని పరుగులు చేస్తే గెలుస్తారు. చెంగల్రాయలు బంతి పట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి చెవి దాకా లేవడం లేదు. ఎదుట జయరాములు, వేలికి పేలిక, కళ్ళు బంతి మీద. చెంగల్రాయలు రెండడుగులు వేసి బంతిని అతని ముందుకు చాచాడు.

"నువ్వు వెయ్యి అప్పా."

జయరాములు చెయ్యి దానంతటది ముందుకు వచ్చింది. పొడుగాటి వేళ్ళు బంతి చుట్టూ మూసుకున్నాయి. చూపుడువేలి కణుపు కుట్టును వెతుక్కుని ఆనుకుంది. అంతలోనే ఆగాడు.

"నేను ఏసేది లేదు గదా సామీ. మీరే చెప్పినారు."

అంపైరుగా నిలబడ్డ దొర కూడా తల అడ్డంగా ఊపాడు. జయరాములు బంతిని చొక్కాకు ఒకసారి రుద్ది, మెరిసే వైపు పైకి వచ్చేలా చెంగల్రాయలు చేతిలో పెట్టాడు. వెనక్కి నడిచి దూరంగా తాడు దగ్గర నిలబడ్డాడు.

చెంగల్రాయలు పరుగెత్తాడు. ఆఖరి అడుగులో భుజం దిగింది. బంతి చేతిలోంచి వెళ్ళిపోతుండగానే తెలిసింది, పొట్టిగా పడుతుందని. పడింది. పొడుగాటి దొర తీరిగ్గా చూసి ఆకాశంలోకి లేపాడు. బంతి గట్టు దాటిపోతుందనే అనుకున్నారు అందరూ. కానీ జయరాములు అప్పటికే పరుగులో ఉన్నాడు. తాడు పక్కన ఒళ్ళంతా సాగదీసి, రెండు చేతులూ చాచి, బంతితో పాటు కిందపడ్డాడు. లేచినప్పుడు బంతి చేతుల్లో ఉంది. పేలిక ఊడిపోయింది.

క్లబ్బు గెలిచింది. వకీళ్ళూ గుమాస్తాలూ వచ్చి చెంగల్రాయలును భుజాల మీదికి ఎత్తబోయారు. భుజం నొప్పి అని తప్పించుకున్నాడు. మెడలో చామంతి దండ వేశారు. జానకిరామన్ కుర్చీ ఎక్కి, ఎవరెవరు ఎలా అవుటయ్యారో గట్టిగా చదివి వినిపించాడు. గట్టు మీదివాళ్ళు తాడు దాకా వచ్చి వింటున్నారు. పోలీసుదొర పేరు వచ్చింది.

"చెంగల్రాయలుగారి బంతికి, బదులు ఆటగాడు పట్టగా."

అదే ఆనవాయితీ. బదులు నిలబడినవాడి పేరు చదవరు. వళ్ళి ఇంకా వింటూ నిలబడింది. చప్పట్లు అయిపోయాయి. జానకిరామన్ కుర్చీ దిగాడు. చౌడమ్మ కోడలి మోచెయ్యి పట్టుకుని, "పదమ్మా, రైలుకు పొద్దవతాది," అంది. చెంగల్రాయలు దండ తీసి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు. డేరాలో పిలుపులు. మళ్ళీ చూసేసరికి గట్టు ఖాళీగా ఉంది.

*

మంగళవారం గుడియాత్తం వెళ్ళాడు. జేబులో ఆముదం సీసా. చేతిలో కాగితంలో చుట్టిన కొత్త బంతి.

జట్కా వీధి మొదట్లోనే ఆపించి నడిచాడు. పడుగులు చుట్టేసిన వేళ. అరుగుల మీద రాట్నాలు తిరుగుతున్నాయి. ఎవరో "రాండి సామీ" అన్నారు. ఎవరూ ముఖం తిప్పుకోలేదు. తిప్పుకుని ఉంటే బాగుండేదనిపించింది.

జయరాములు ఇంటి గడప ముందు ముగ్గు ఉంది. పెద్దది, నిండుగా, ఒక్క గీత చెరగలేదు. చెంగల్రాయలు చెప్పులు విడిచి పక్కనుంచి లోపలికి వెళ్ళాడు.

మగ్గం దగ్గర పొన్నుస్వామి కూర్చుని కొత్త పడుగు అతుకుతున్నాడు. జయరాములు పక్కన చతికిలబడి కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో బూడిద కొబ్బరిచిప్ప పట్టుకున్నాడు. తన మగ్గానికే తను చిప్ప పట్టి కూర్చున్నాడు. చూపుడువేలు వాచి, కణుపు దగ్గర రెండుగా చీలి ఉంది.

"రాండి సామీ," అన్నాడు. మునుపటి నవ్వే. "భుజం ఎట్లుండాది?"

"ఉంది," అన్నాడు చెంగల్రాయలు. ఆముదం సీసా తీసి కింద పెట్టాడు. "రాత్రిళ్ళు రాస్తే మెత్తబడుతుంది. నాకు మా ఇంట్లో ఆమె రాసేది."

వళ్ళి సీసా తీసుకుని గూట్లో పెట్టింది. కొత్త బంతిని చూసింది, తీసుకోలేదు. చెంగల్రాయలు దాన్ని చేతిలోనే ఉంచుకున్నాడు.

"సామీ, ఒకటి అడగాల," అన్నాడు జయరాములు. "ఆ ఆఖరి బంతి. కావాలనే పొట్టిగా ఏసి దొరకు ఆశ చూపించినారని మావోళ్ళు అంటాండారు. శానా తెలివైన బంతంట."

పొన్నుస్వామి వేళ్ళు ఆగాయి. అరుగు మీద రాట్నం కూడా ఆగినట్టుంది.

"లేదప్పా. జారింది. నీకు ఒకటి జారిందని పక్కన పెట్టిన వాణ్ణి, నాదే జారింది." ఇంకా చెప్పాలనుకున్నాడు. "నీది నిలకడ లేక కాదు. నాకు ఆడాలని ఉండింది."

జయరాములు చిప్పలో బూడిద ఎడమ బొటనవేలితో సమం చేశాడు. "జారిందని తెలుసు సామీ. మీ భుజం దిగింది గదా. భుజం దిగితే పొట్టిగా పడతాదని మీరే చెప్పినారు. దిగతానే నేను పరిగెత్తితి. లేకుంటే అంత దూరం యాడ అందుతాది."

జయరాములు పొన్నుస్వామికి చిప్ప దగ్గరగా జరిపాడు. పొన్నుస్వామి బూడిద అద్దుకుని ఇంకో పోగు అందుకున్నాడు.

"వచ్చే ఏడు నేను ఆడను. ఆ చోటు నీది. అందరికీ చెప్తాను," అన్నాడు చెంగల్రాయలు.

జయరాములు వళ్ళి వైపు చూశాడు. వళ్ళి గూట్లో సీసా సరిగ్గా నిలబెట్టడంలో ఉంది.

"ముందు వేలు మెత్తబడనీ సామీ. వీధికి పొన్నుస్వామి చెయ్యి అలవాటైపోతాండాది," అన్నాడు. చేదు లేకుండానే అన్నాడు. తర్వాత ఎడమచెయ్యి చాచి, బంతి ఒక్కసారి అందుకుని, కొత్త కుట్టు మీద బొటనవేలు నడిపి, వాసన చూసి, తిరిగి ఇచ్చేశాడు. "మంచి బంతి. మీ కాడ పెట్టుకోండి."

చౌడమ్మ మజ్జిగ ఇచ్చింది. ఈసారి చెంగల్రాయలు చెంబు ఖాళీ అయ్యేదాకా తాగాడు.

వీధిలోకి వచ్చి, ఇంతకుముందు ముగ్గు ఉండే చోట ఆగాడు. అక్కడ నేల మీద తెలుపు ఇంకా కొంచెం మిగిలింది. దాని నడుమ అరచేతంత గుంట. ముగ్గు కప్పి ఉండటం వల్ల ఆ రోజు కనిపించలేదు. కుక్క పక్కనే పడుకుని ఉంది.

"చూడు నాయనా ఎంత గుంట చేసినాడో," అంది గడపలోంచి చౌడమ్మ. "పడుగు సాచేటప్పుడు కాలు మడతపడతాదని అందరూ తిడతాండారు. వచ్చే ఆదివారం మట్టి పోసి మెత్తుతానన్నాడు."

చెంగల్రాయలు వంగాడు. భుజం కలుక్కుమంది. మోకాలు నేలకు ఆనించి, గుంటలో చెయ్యి పెట్టి చూశాడు. సరిగ్గా అతని అరచెయ్యి పట్టింది. చుట్టూ తడిమాడు. జాన దూరంలో, మూర దూరంలో, వీధి మొత్తం గంజి నీళ్ళకు గట్టిపడి నున్నగా ఉంది. ఇంకెక్కడా బంతి పడిన గుర్తు లేదు.

"సామీ, రైలు టైమవతాది," అని వీధి మొదట్లోంచి జట్కావాడు పిలిచాడు.

చెంగల్రాయలు ఆ మాట విన్నాడు. చెయ్యి మాత్రం ఇంకా గుంటలోనే ఉంది.